కెనడాలో సీసీఏ క్లినికల్ ప్లేస్‌మెంట్: కాగితాల దశ నుంచి చివరి షిఫ్ట్ దాకా

నోవా స్కోషియా, సస్కాచెవాన్ రాష్ట్రాల్లో వృద్ధులకూ దీర్ఘకాలిక రోగులకూ రోజువారీ సంరక్షణ అందించేవారిని కంటిన్యూయింగ్ కేర్ అసిస్టెంట్ (సీసీఏ) అంటారు. ఆంటారియోలో ఇదే పనికి పర్సనల్ సపోర్ట్ వర్కర్ అనీ, ఆల్బర్టాలో హెల్త్ కేర్ ఎయిడ్ అనీ పేర్లున్నాయి. ఈ కోర్సులో చేరిన తెలుగు విద్యార్థులు నన్ను తరచుగా అడిగేది తరగతి పాఠాల గురించి కాదు, కోర్సులో భాగంగా కేర్ హోమ్‌లో, అంటే సంరక్షణ గృహంలో, చేసే ప్రాక్టికల్ శిక్షణ అయిన ప్లేస్‌మెంట్ గురించే. ఏ కాగితం ముందు తీసుకోవాలి, మొదటి రోజు ఏం చేయాలి, స్నానం చేయించేటప్పుడు చేతులు వణికితే ఎలా అన్నవే వారి ప్రశ్నలు.

నేను చూసినంతలో ప్లేస్‌మెంట్‌లో ఇబ్బంది పడినవారిలో చాలామందికి పని రాక కాదు, పని వరుస తప్పడం వల్లే ఇబ్బంది వచ్చింది. అందుకే ఈ మార్గదర్శిలో వరుసకే ఎక్కువ చోటు ఇచ్చాను. మీ కళాశాల, మీరు వెళ్ళే కేర్ హోమ్ ఇచ్చే లిఖిత నియమాలు దీనికి భిన్నంగా ఉంటే వాటినే పాటించాలి.

1. కాగితాలు: ఏది ముందు, ఏది తర్వాత

ప్లేస్‌మెంట్ తేదీకి నెల ముందు కాగితాలు మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కొన్ని పరీక్షల మధ్య వారాల విరామం తప్పనిసరి కాబట్టి కోర్సులో చేరిన మొదటి వారంలోనే పని మొదలుపెట్టాలి.

వీసా షరతులు. ముందుగా మీ స్టడీ పర్మిట్‌ను పూర్తిగా చదవండి. ఆరోగ్య సేవల రంగంలో పనిచేయరాదనే షరతు దానిపై ఉంటే, ప్రభుత్వం గుర్తించిన ప్యానెల్ వైద్యుడి వద్ద పరీక్ష చేయించుకుని, ఆ షరతు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. హైదరాబాద్ నుంచి బయలుదేరే ముందే ఆ వైద్య పరీక్ష అయిపోతే ఎంతో సమయం కలిసివస్తుంది. ప్లేస్‌మెంట్‌కు వేరుగా పర్మిట్ కావాలా అన్న సంగతిని స్నేహితుల మాట మీద నమ్మకుండా కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి, వారి జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.

టీబీ చర్మ పరీక్ష. ఇది సాధారణంగా రెండు దశల్లో జరుగుతుంది. మొదటి సూది వేసిన 48 నుంచి 72 గంటల లోపల శిక్షణ పొందినవారు చేతిని చూసి ఫలితం రాయాలి, ఆ గడువు దాటితే పరీక్ష మళ్ళీ చేయించుకోవాల్సిందే. రెండో సూది ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత వేస్తారు.

మన దగ్గర పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు కాబట్టి కొందరికి ఈ పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కాబట్టి కంగారు పడవద్దు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, వైద్యుడి లేఖతో ఫైలులో పెట్టుకోండి. ఇంతకు ముందే పాజిటివ్ వచ్చినట్టు రికార్డు ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పాలి, మళ్ళీ సూది వేయించుకోకూడదు.

టీకాలు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు కలిపి వేసే టీకా, ఆటలమ్మ టీకా సజీవ టీకాలు. వీటిని టీబీ పరీక్ష రోజునే గానీ, ఆ పరీక్ష పూర్తయ్యాక గానీ వేయించుకోవాలి. ముందే వేయించుకుంటే టీబీ పరీక్షకు నాలుగు వారాలు ఆగాల్సి వస్తుంది. ఈ వరుస తెలియక ఒక నెల పోగొట్టుకున్న విద్యార్థులు నాకు తెలుసు. హెపటైటిస్ బి టీకా మామూలుగా 0, 1, 6 నెలల్లో మూడు మోతాదులుగా ఉంటుంది కాబట్టి అది అన్నిటికంటే ముందు మొదలుకావాలి.

చిన్ననాటి టీకాల కార్డు ఊళ్ళో అమ్మ బీరువాలో ఉంటే ఫొటో తీయించి తెప్పించుకోండి. దొరకకపోతే రక్తపరీక్షతో రోగనిరోధక శక్తిని నిరూపించుకునే వీలుంది.

పోలీసు తనిఖీ. వృద్ధుల వంటి నిస్సహాయులతో పనిచేసేవారికి వల్నరబుల్ సెక్టర్ చెక్ అనే ప్రత్యేక తనిఖీ ఉంటుంది. మామూలు నేరచరిత్ర తనిఖీ దీనికి బదులు కాదు. మీరు నివసించే చోటి పోలీసుల దగ్గరే దీనికి దరఖాస్తు చేయాలి. కొందరిని వేలిముద్రలు కూడా ఇవ్వమంటారు, అది మీపై అనుమానం కాదు, కానీ వారాలు పడుతుంది. మరీ ముందుగా తీసుకుంటే కళాశాల పెట్టిన గడువు దాటిపోతుంది, కాబట్టి ఆ గడువు ఎన్ని నెలలో కనుక్కుని దానికి తగ్గట్టు తీసుకోండి.

మాస్కు అమరిక పరీక్ష. ఎన్95 మాస్కు ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కుంటుందో లేదో ఇందులో చూస్తారు. మాస్కు అంచు తాకే చోట గడ్డం ఉండకూడదు. పరీక్షకు కనీసం 15 నిమిషాల ముందు నుంచి ఏమీ తినకూడదు, చూయింగ్ గమ్ నమలకూడదు. అయ్యప్ప దీక్ష తీసుకునేవారు ఆ 41 రోజులు ప్లేస్‌మెంట్‌తో కలవకుండా చూసుకోవాలి, లేదా ముందుగానే ప్లేస్‌మెంట్ సమన్వయకర్తతో మాట్లాడాలి. దీక్ష మొదలయ్యాక చెబితే ఇద్దరికీ ఇబ్బందే.

పేరు. ఇది చిన్న విషయంగా కనిపించినా మన వాళ్ళకు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సీపీఆర్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా, టీకాల కార్డులో అసలు లేకుండా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. ప్రతిచోటా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి.

ఫైలులో చూసుకోవాల్సినవి:

- స్టడీ పర్మిట్, అవసరమైతే ప్లేస్‌మెంట్ పర్మిట్
- టీబీ ఫలితం లేదా ఎక్స్‌రే, వైద్యుడి లేఖ
- టీకాల రికార్డు, రక్తపరీక్ష ఫలితాలు
- వల్నరబుల్ సెక్టర్ చెక్
- సీపీఆర్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు
- మాస్కు మోడల్, సైజు రాసిన కార్డు
- రోగులను లేపడం, కదిలించడంపై శిక్షణ పత్రం. సస్కాచెవాన్‌లో దీన్ని టీఎల్‌ఆర్ అంటారు.

అన్నిటికీ ఒక కాగితపు నకలు, ఫోనులో ఒక నకలు ఉంచుకోండి.

2. దుస్తులు, వాసనలు, దారి

నోవా స్కోషియాలో చాలా సంస్థలు సువాసనలు లేని ప్రాంగణం అనే నియమాన్ని గట్టిగా పాటిస్తాయి. సెంటు ఒక్కటే కాదు, కొబ్బరినూనె, అగరుబత్తి పొగ, తలస్నానం షాంపూ, కోటుకు పట్టిన తాలింపు వాసన కూడా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఇబ్బంది కలిగించవచ్చు. యూనిఫామ్‌ను వంటగదికి దూరంగా, మూసిన సంచిలో పెట్టుకోండి.

గాజులు, ఉంగరాలు, ముంజేతి దారాలు, కాశీ తాళ్ళు తీసేయాల్సి ఉంటుంది, ఎందుకంటే వాటి కింద చేతులు శుభ్రపడవు. మంగళసూత్రం తీయలేనివారు దాన్ని దుస్తుల లోపల బిగుతుగా ఉంచవచ్చా అని ముందే అడగండి, ఎందుకంటే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారు మెడలో వేలాడేదాన్ని పట్టుకుని లాగే అవకాశం ఉంది. గోళ్ళు పొట్టిగా, రంగు లేకుండా ఉండాలి.

మంచు బూట్లతో వార్డులోకి వెళ్ళకూడదు. లోపల వేసుకునే బూట్లను వేరే సంచిలో తీసుకెళ్ళండి. ఉదయం 7 గంటల షిఫ్ట్‌కు బస్సు ఉందో లేదో ఒక ఆదివారం స్వయంగా వెళ్ళి చూడండి, ఎందుకంటే వారాంతపు షిఫ్టులు మీకూ పడతాయి.

3. మొదటి రోజు

మొదటి రోజు మీ పని చేయడం కంటే తెలుసుకోవడమే. అగ్నిప్రమాద ద్వారాలు, ఆక్సిజన్ సిలిండర్లు ఉండే చోటు, మనుషులను మంచం మీది నుంచి ఎత్తే లిఫ్ట్ యంత్రాలు, మురికి బట్టల గది, నర్సు కూర్చునే చోటు ఎక్కడున్నాయో చూసుకోండి. మీ బడ్డీగా ఉండే ఉద్యోగి పేరు రాసుకోండి.

ఇక్కడ రోగి అనే మాట తక్కువ. దీర్ఘకాలిక కేర్ హోమ్‌లో ఉండేవారిని రెసిడెంట్ అంటారు, అంటే అది వారి ఇల్లు, మీరు వారి ఇంటికి వెళ్ళిన మనిషి. తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళడమంటే పరాయి ఇంట్లోకి చొరబడడమే.

పెద్దవారిని పేరు పెట్టి పిలవడం మనకు నోరు రాదు. అలాగని గ్రానీ, డియర్, స్వీటీ అనడం ఇక్కడ చిన్నచూపుగా వినిపిస్తుంది. మిమ్మల్ని ఏమని పిలవమంటారు అని అడిగి, వారు చెప్పినట్టే పిలవండి. మనం అలవాటుగా తల అటూ ఇటూ ఊపడం కూడా ఇక్కడ కాదు అన్నట్టు అర్థమవుతుంది. నోటితోనే అవును, కాదు, అర్థం కాలేదు అని చెప్పండి.

4. ఉదయపు సంరక్షణ: వరుస తప్పకుండా

ప్లేస్‌మెంట్‌లో మీ మూల్యాంకనం చాలావరకు ఈ ఒక్క పనిలోనే జరుగుతుంది, అందుకే దీనిపై ఎక్కువసేపు ఆగుతున్నాను.

4.1 గదిలోకి వెళ్ళే ముందు. కేర్ ప్లాన్ చదవండి. ఆ మనిషిని ఎంతమంది లేపాలి, ఏ లిఫ్ట్ వాడాలి, ఆహారం ఏ మెత్తదనంలో ఉండాలి, ఏ వైపు బలహీనం, అలర్జీలేమిటి అన్న ఐదు విషయాలు మీకు తెలియాలి. నిన్న నడిచారు కదా అని ఈ రోజు లేపకూడదు, రాత్రికి రాత్రి మారి ఉండవచ్చు.

4.2 సామాను మొత్తం ఒకేసారి. రెండు తువ్వాళ్ళు, నాలుగైదు చిన్న తువ్వాళ్ళు, బేసిన్, సబ్బు, శుభ్రమైన బ్రీఫ్ (పెద్దల డైపర్), బట్టలు, గ్లవ్స్, మురికి బట్టల సంచి ముందే దగ్గర పెట్టుకోండి. మధ్యలో ఏదో మరిచి బయటికి పరుగెత్తడమే కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు.

నేనూ ఆ తప్పు చేశాను. మొదటి వారంలో తువ్వాలు కోసం బయటికి వెళ్ళి, మరొకరి కాల్ బెల్‌కు పలికి, తిరిగి వచ్చేసరికి నేను స్నానం చేయిస్తున్న పెద్దావిడ చలికి దుప్పటి అంచును పిడికిట పట్టుకుని ఉన్నారు. కాల్ బెల్ ఆవిడకు అందని వైపు ఉంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి సామాను లెక్క చూసుకోకుండా ఏ తలుపూ తట్టలేదు.

4.3 పలకరింపు, అనుమతి. చేతులు శుభ్రం చేసుకుని, తలుపు తట్టి, జవాబు కోసం ఆగండి. మీ పేరు, మీరు విద్యార్థి అన్న సంగతి, చేయబోయే పని చెప్పి, సరేనా అని అడగండి. మగ విద్యార్థి చేత స్నానం వద్దనే హక్కు ఏ మహిళకైనా ఉంది. దాన్ని అవమానంగా తీసుకోకుండా బడ్డీకి చెప్పండి.

4.4 మంచం, తెర, నీళ్ళు. తెర మూసి, మంచం చక్రాలకు బ్రేక్ వేసి, మీ నడుము ఎత్తుకు పైకి లేపండి. నీటి వేడిని సంస్థ చెప్పిన పద్ధతిలో కొలిచి, ఆ తర్వాత ఆ మనిషి చేతికే తాకించి బాగుందా అని అడగండి.

4.5 కడిగే వరుస. సబ్బు లేకుండా ముందు కళ్ళు, ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి తువ్వాలులో ఒక్కో శుభ్రమైన భాగం. తర్వాత ముఖం, మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్ళు, వీపు. జననాంగాల భాగం చివర, అప్పటికి నీళ్ళూ గ్లవ్స్ మార్చాలి. స్త్రీలకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి. పురుషులకు ముందరి చర్మాన్ని వెనక్కి జరిపి శుభ్రం చేస్తే, మళ్ళీ యథాస్థానానికి తీసుకురావడం మరవకూడదు, మరిస్తే వాపు వచ్చి ప్రమాదమవుతుంది.

కడిగే భాగం తప్ప మిగతా ఒళ్ళంతా కప్పి ఉండాలి. చర్మపు మడతలను రుద్దకుండా అద్ది పూర్తిగా ఆరబెట్టాలి. తన ముఖం తాను తుడుచుకోగలిగినవారికి తువ్వాలు చేతికివ్వండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు అన్నీ మనమే చేయడం ప్రేమ అనుకుంటాం. ఇక్కడ వారికి మిగిలిన కాస్త శక్తిని వారి చేతే వాడించడం సంరక్షణలో ముఖ్యమైన భాగం, నెమ్మదైనా సరే ఆగండి.

4.6 చర్మం చూడడం. మడమలు, తుంటి, వెన్ను అడుగు ఎముక, మోచేతులు, ఆక్సిజన్ గొట్టం తగిలే చెవుల వెనుక భాగం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే రంగు మారకపోతే అది పడక పుండుకు తొలి గుర్తు, వెంటనే నర్సుకు చెప్పాలి. నల్లని చర్మంపై ఎరుపు కనిపించకపోవచ్చు కాబట్టి వేడి, గట్టిదనం, నొప్పి గమనించాలి. అలాంటి చోట మర్దన చేయకూడదు.

4.7 బట్టలు, నోరు. పక్షవాతం వచ్చిన చేతికి ముందు తొడగాలి, తీసేటప్పుడు బాగున్న చేతి నుంచి ముందు తీయాలి. కట్టుడు పళ్ళను సింక్‌లో తువ్వాలు పరిచి, దానిపైన పట్టుకుని కడగండి, జారిపడినా పగలవు. కళ్ళజోడు తుడిచి పెట్టి, వినికిడి యంత్రం పెట్టి, పనిచేస్తోందో లేదో అడగండి.

4.8 గది వదిలే ముందు.

- మంచం కిందికి దించారా, బ్రేక్ ఉందా
- కాల్ బెల్, నీళ్ళు, కళ్ళజోడు చేతికి అందుతున్నాయా
- మూత్రపు సంచి మూత్రాశయం కంటే కిందుగా, నేలను తాకకుండా ఉందా
- ఇంకేమైనా కావాలా అని అడిగారా
- చేతులు శుభ్రం చేసుకున్నారా

5. లేపడం, కూర్చోబెట్టడం

పైకప్పుకు అమర్చిన సీలింగ్ లిఫ్ట్‌ను, కూర్చున్నవారిని నిలబెట్టే సిట్-టు-స్టాండ్ లిఫ్ట్‌ను విద్యార్థి ఒంటరిగా ఎప్పుడూ నడపకూడదు. ఎంత తొందరలోనైనా బడ్డీ వచ్చేదాకా ఆగండి. మనిషిని ఎత్తే గుడ్డ అయిన స్లింగ్ సైజు, కుట్లు, కొక్కేలు చూసుకున్నాకే ఎత్తాలి. చంకల కింద చేతులు పెట్టి లాగడం మన ఆసుపత్రుల్లో చూసిన అలవాటు, ఇక్కడ నిషేధం, భుజం కీలు జారవచ్చు.

ఎవరైనా పడిపోతుంటే పట్టి నిలబెట్టే ప్రయత్నం చేయవద్దు. దగ్గరగా నిలబడి, తల దెబ్బ తగలకుండా మెల్లగా నేలపైకి జారనివ్వండి. అప్పటికే పడి ఉంటే లేపకుండా, పక్కనే ఉండి సాయానికి పిలవండి. నర్సు పరీక్షించాకే కదిలించాలి.

6. భోజనం

కెనడాలో ఆహారం మెత్తదనాన్నీ, ద్రవాల చిక్కదనాన్నీ ఐడీడీఎస్‌ఐ అనే 0 నుంచి 7 దాకా ఉన్న స్థాయిల్లో చెబుతారు. 4 అంటే పూర్తిగా మెత్తగా రుబ్బినది, 5 అంటే సన్నగా తరిగి తడిగా ఉంచినది. పళ్ళెం మీద పేరు, స్థాయి రెండూ చూడకుండా ముద్ద పెట్టకూడదు.

మనిషి నిటారుగా కూర్చోవాలి, మీరు వారి కళ్ళ ఎత్తుకు కూర్చోవాలి. చిన్న ముద్ద పెట్టి, మింగారో లేదో చూసి, తర్వాతిది పెట్టాలి. పొలమారినా, గొంతు తడిగా గరగరలాడినా, కళ్ళలో నీళ్ళు వచ్చినా ఆపి నర్సుకు చెప్పండి. తిన్నాక కనీసం 30 నిమిషాలు పడుకోబెట్టవద్దు. గొడ్డుమాంసం, పందిమాంసం తినిపించాల్సి వస్తుంది. అభ్యంతరం ఉన్నవారు మొదటి వారమే ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడాలి గానీ పళ్ళెం ముందు ముఖం చిట్లించకూడదు.

7. డిమెన్షియా ఉన్నవారితో

ముందు నుంచి, మెల్లగా, కళ్ళలోకి చూస్తూ దగ్గరికి వెళ్ళండి. ఒకసారికి ఒకే మాట చెప్పి, జవాబుకు తగినంత సమయం ఇవ్వండి. వద్దంటే ఒత్తిడి చేయకుండా 10 నిమిషాల తర్వాత మళ్ళీ వెళ్ళండి. కొట్టబోవడం, అరవడం వెనుక నొప్పి, మూత్రం రావడం, చలి, భయం వంటి కారణం ఉంటుంది. దాన్ని వెతకడమే మీ పని.

నోవా స్కోషియాలోని ఫ్రెంచి మూలాలున్న అకాడియన్ వృద్ధులు జ్ఞాపకం తగ్గేకొద్దీ తమ చిన్ననాటి ఫ్రెంచికి మళ్ళడం చూస్తాం. తెలుగు తప్ప అన్నీ మరిచిన ముసలమ్మను ఊహించుకోండి, ఆ ఒంటరితనం అర్థమవుతుంది. నీళ్ళు, నొప్పి, చలి, మంచిది అనే నాలుగు మాటలు వారి భాషలో నేర్చుకుంటే చాలు, మీ చేతిని బిగించి పట్టుకున్న వారి పట్టు సడలుతుంది.

8. చెప్పడం, రాయడం, దాచడం

మీ అభిప్రాయం కాదు, మీరు చూసినదీ విన్నదీ మాత్రమే రాయాలి. ‘కోపంగా ఉన్నారు’ అని రాయకూడదు. ‘09:20కి స్నానానికి రెండుసార్లు వద్దన్నారు, కుడి చేయి వెనక్కి లాక్కున్నారు’ అని రాయాలి. సమయం 24 గంటల లెక్కలో, తాగినది మిల్లీలీటర్లలో ఉండాలి. కాగితంపై తప్పు రాస్తే ఒకే గీత కొట్టి పక్కన సంతకం చేయాలి, రుద్దేయకూడదు.

నోవా స్కోషియాలో వ్యక్తిగత ఆరోగ్య సమాచార చట్టం, సస్కాచెవాన్‌లో ఆరోగ్య సమాచార పరిరక్షణ చట్టం ఉన్నాయి. ఫొటో గానీ, పేరు లేని కథ గానీ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. చిన్న ఊళ్ళో వయసు, ఊరు చెప్పినా మనిషి తెలిసిపోతారు. జేబులోని నోట్సు చీటీని ఇంటికి తేకుండా అక్కడే ముక్కలు చేసే యంత్రంలో వేయండి.

9. తప్పు జరిగినప్పుడు

సూది గుచ్చుకుంటే రక్తం పిండకుండా, సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే చెప్పండి. తప్పు పళ్ళెం పెట్టినా, బ్రేక్ వేయడం మరిచినా, ఎవరూ చూడకపోయినా చెప్పాలి. దాచిన చిన్న తప్పు విద్యార్థిని ఇంటికి పంపుతుంది, చెప్పిన తప్పు చాలాసార్లు పాఠంతో ముగుస్తుంది. మీకు కేటాయించని మందులు, గాయాల కట్లు వంటి పనులు ఎవరు అడిగినా, విద్యార్థిగా నాకు అనుమతి లేదు అని మర్యాదగా చెప్పండి.

ఒక రెసిడెంట్‌ను ఎవరైనా గద్దించడం, గుంజడం చూస్తే ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ రోజే చెప్పాలి. మీ మార్కులు పోతాయనే భయం సహజమే, కానీ ఆ గదిలో నోరు లేని మనిషికి ఆ రోజు మీరు ఒక్కరే సాక్షి కావచ్చు.

10. చివరి వారం

గంటల పట్టికపై ప్రతి రోజూ సంతకం తీసుకోండి, చివరి రోజుకు మిగల్చవద్దు. రిఫరెన్స్ కావాలంటే బడ్డీని ముఖాముఖి అడిగి, ఏ ఉద్యోగానికో చెప్పండి. మధ్య మూల్యాంకనంలో రాసిన లోపాలను ఏ రోజు ఎలా సరిచేశారో ఒక కాగితంపై రాసి ఇన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వండి.

మీకు అలవాటైన రెసిడెంట్లకు మీరు వెళ్ళిపోతున్న సంగతి రెండు రోజుల ముందే చెప్పండి. చెప్పకుండా మాయమైతే, మర్నాడు ఉదయం తలుపు చప్పుడైనప్పుడల్లా మీరే అనుకుని ఎదురుచూసేవారు ఉంటారు.